చేతికి అంటిన యాస

బిలాస్‌పూర్ తోర్వా కాలనీలో జగన్నాథం మాస్టారి ముందుగదిలో పొద్దున్న ఆరున్నరకి డిక్టేషన్ మొదలయ్యేది. ఎడమచేతిలో స్టాప్‌వాచీ, కుడిచేతిలో కాగితం. "టేక్ డౌన్" అనేవారు. ఆ తరవాత పది నిమిషాలు ఆయన గొంతు, పెన్సిళ్ల గరగర, అంతే. లోపల వాళ్లావిడ లక్ష్మీనరసమ్మ గారు ఆ పది నిమిషాలూ కుక్కరు పొయ్యి మీద పెట్టేవారు కాదు. విజిలు కింద ఒక మాట నలిగిపోతుందని మాస్టారి భయం.

మా ఇల్లు వాళ్లకి రెండిళ్ల అవతల. రైల్వే పర్సనల్ బ్రాంచిలో రిటైరయ్యాక పొద్దున్నే వరండాలో పుస్తకం పట్టుకు కూర్చోవడం నాకు అలవాటు. ఆ గొంతు వింటూ చదువుకునేవాణ్ని. నిమిషానికి వంద మాటలు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా జాగు లేదు. ఇన్నేళ్లలో ఆ గొంతులో నాకు ఏ లోపమూ వినపడలేదు. ఎలా వినపడుతుంది, నాదీ ఆయన నేలే.

ఆయనది టెక్కలి దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, ఇరవై రెండో ఏట స్టెనోగా బిలాస్‌పూర్ వచ్చారు. ముప్పై ఏడేళ్లు ఆఫీసర్లు అన్న మాటలు రాశారు. ఒక ఆఫీసరు సిగరెట్టు పళ్ల మధ్య పెట్టుకుని చెప్పేవాడట, ఇంకొకాయన కిటికీ బయటికి చూస్తూ చెప్పేవాడట. ఏ ఉత్తరమూ రెండోసారి అడిగి రాసింది లేదని మాస్టారు గొప్పగా కాదు, హాజరు చెప్పినట్టు చెప్పేవారు. పెద్ద ఆఫీసరు దగ్గర ప్రైవేట్ సెక్రటరీగా దిగిపోయారు. సర్వీసులో ఉండగానే కాలనీ పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఆ ముందుగదిలో చాప మీద చోటు చాలక మెట్ల మీద కూడా కూర్చునేవారు. నేను చెబుతున్న నాటికి మిగిలింది ముగ్గురు.

"రైల్వే ఈయన్ని వదిలేసింది గాని ఈయన ఉత్తరాలు మాన్లేదు. కూరలకి ఏటి తేవాలో కూడా నంబర్లేసి చెప్తారు నాకు," అనేవారు లక్ష్మీనరసమ్మ గారు.

పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులకి ఆయన ఆశలు పెట్టేవారు కాదు. ఎనభై మాటల వేగం రావడానికి ఏడాదిన్నర పడుతుందని, అరవై దగ్గర చెయ్యి నెలల తరబడి ఆగిపోతుందని, సగంమంది అక్కడే మానేస్తారని ముందే చెప్పేవారు. ఆపైన రాత పరీక్ష. అది దాటితే అసలు పరీక్ష. పది నిమిషాల్లో వెయ్యి మాటలు చెబుతారు. దాన్ని కంప్యూటరు మీద తిరగరాయాలి. ఆ పరీక్షలో యాభై తప్పులు దాటితే లెక్కలోకి రారు. దాటకపోతే స్టెనో, ఆ తరవాత పి.ఏ., ఓపిక ఉంటే ప్రైవేట్ సెక్రటరీ. హైకోర్టు మన ఊళ్లోనే ఉంది, అక్కడ జడ్జిగారి పక్కన కుర్చీ.

ఇప్పుడు ఫోనులో మాట్లాడితే అదే రాసేస్తోంది కదా, ఇంకా ఈ ఉద్యోగాలు ఉంటాయా అని అందరూ అడిగేవారు. ఉండకపోవచ్చు అని కూడా ఆయనే అనేవారు. "కాని ఉత్తరంలో తప్పు పడితే ఫోనుని ఎవరూ పిలవరు బాబూ. అడుగున ఎవరి పొడి అక్షరాలుంటే వాళ్లని పిలుస్తారు. ఆ అక్షరాలు ఉన్నన్నాళ్లు ఈ పని ఉంటది."

ఆ ముగ్గురిలో శ్వేత ఒకతి. తండ్రి అప్పలస్వామి ట్రాక్ మీద పనిచేసేవాడు, రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ. శ్వేతకి తెలుగు చదవడం రాదు. బీకాం చేసి, జిల్లా కోర్టు ఎదురుగా వకీళ్ల కాగితాలు టైపు చేసే కొట్లో పని చేసుకుంటూ ఇరవైనాలుగో ఏట మాస్టారి దగ్గర చేరింది. మూడేళ్లలో ఆ గదిలో నూటపది దాటింది. విని రాస్తున్నట్టు ఉండేది కాదు, వానచుక్కలు పడుతున్నట్టు ఉండేది ఆ పెన్సిలు. ఆయన జీవితంలో అంత చెయ్యి చూడలేదని నాతో ఒకసారి అన్నారు. ఆ మాట శ్వేతతో అనలేదు.

ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయం పరీక్షకి రెండుసార్లు రాత పాసయింది. రెండుసార్లూ డిక్టేషన్ దగ్గర పోయింది. మొదటిసారి కంగారు అనుకున్నారు. రెండోసారి అరవైయొక్క తప్పులు. అప్పటికి శ్వేతకి ఇరవైతొమ్మిది వెళ్తున్నాయి. వచ్చే నోటిఫికేషనే ఆఖరిది. అది దాటితే పుట్టినతేదీ కొట్టగానే కంప్యూటరే అప్లికేషను తీసుకోదు.

మర్నాడు ఆరున్నరకి మాస్టారు మళ్లీ టేక్ డౌన్ అన్నారు. ఆయన గదిలో ఆ వారం శ్వేత రాసిన దాంట్లో వెయ్యికి తొమ్మిది తప్పులు. ఇక్కడ తొమ్మిది, అక్కడ అరవైయొకటి. ఎందుకన్నది ఎవరికీ అందలేదు.

శ్వేత ఊరికే కూర్చోలేదు. సమాచార హక్కు కింద అర్జీ పెట్టి తను టైపు చేసిన కాగితాల నకలు, ఆరోజు చదివిన పాఠం రెండూ తెప్పించుకుంది. కవరు వచ్చిన రోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది.

"అంకుల్, మాస్టారికి చూపించే హిమ్మత్ లేదు నాకు. ముందు మీరు చూడండి."

ఆఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు, నకళ్లు సరిచూడటమే నా పని. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఎర్రసిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. మామూలు తప్పులు కొన్ని, ఎవరైనా చేసేవి. వాటి మధ్య కొన్ని వింతగా ఉన్నాయి. 'ఓపెన్' ఉండాల్సిన చోట 'వెపన్' అని కొట్టింది. 'ఎయిట్' ఉండాల్సిన చోట 'యెట్'. 'ఓల్డ్ రికార్డ్స్' కాస్తా 'వైల్డ్ రికార్డ్స్' అయ్యాయి. 'ఓన్ రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్' అన్నది రైల్వేలో పుట్టిన ఎవరికైనా తెలిసిన మాట, మనిషి తనంతట తను అడిగి వేయించుకునే బదిలీ. ఆ 'ఓన్' మూడుచోట్లా 'వన్' అయి కూర్చుంది. పద్నాలుగు చోట్ల ఏమీ కొట్టకుండా ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీల్లో ఏముండాలో పాఠంలో చూశాను. ఎనీ, ఓవర్, ఓన్లీ, ఎవ్రీ.

అరగంట పైగా వాటినే చూస్తూ ఉండిపోయాను. తరవాత శ్వేతని ఓపెన్ అనమన్నాను. అంది. బిలాస్‌పూర్ బళ్లో చదువుకున్న పిల్లలందరూ అన్నట్టే, ఓతో మొదలుపెట్టి శుభ్రంగా అంది. ఆ మాట షార్ట్‌హ్యాండ్‌లో రాయమన్నాను. పెన్సిలు కాగితం మీద ఆనగానే ముందు ఒక చిన్న కొక్కెం తిప్పి, అప్పుడు మిగతా గీత గీసింది.

షార్ట్‌హ్యాండ్‌లో రాసేది అక్షరాలు కాదు, శబ్దాలు. వేగంలో అచ్చులు వదిలేస్తారు, హల్లుల గీతలే మిగులుతాయి. ఆ కొక్కెం వకారానికి గుర్తు, యకారానికీ అలాంటిదే ఇంకోటి ఉంది. ఓపెన్‌లో వకారం లేదు. శ్వేత నోటితో అనని శబ్దం దాని చెయ్యి రాసింది.

ఆ వకారం ఎవరిదో నాకు తెలుసు. పాత అచ్చుపుస్తకాలు చదివేవాళ్లకి తెలుస్తుంది. 'వొక', 'యెవరు', 'వూరు', 'యెందుకు' అని ఉంటుంది వాటిలో. తరవాత ఎవరో దిద్దారు, అచ్చులోంచి అవి పోయాయి. మా నోళ్లలోంచి పోలేదు. మాస్టారు వోపెన్ అంటారు, యెయిట్ అంటారు, వోన్లీ అంటారు. నేనూ అంతే. పరీక్షలో చదివినాయన ఓపెన్ అన్నాడు. శ్వేత చెవి ఓపెన్ అనే విన్నది. అయిదేళ్లుగా మాస్టారి గొంతుకి నడిచిన చెయ్యి మాత్రం దాన్ని వోపెన్‌గా గీసింది. గంట తరవాత తన గీతలు తనే చదువుకోబోతే, కొక్కెంతో ఉన్న ఆ గీత వెపన్ అయింది. చెవిది ఈ ఊరి యాస, చేతిది శ్రీకాకుళం యాస. మాస్టారి గదిలో ఆ తేడా తెలిసే వీలు లేదు. అక్కడ చెవీ చెయ్యీ రెండూ ఆయన గొంతునే వింటాయి.

అలాంటివి లెక్కపెడితే ఇరవైమూడు. రెండోసారి లెక్కపెట్టాను. అరవైయొకటిలోంచి అవి తీసేస్తే ముప్పైయెనిమిది.

శ్వేత కాగితాలు మడిచి కవర్లో పెట్టేసింది. మాస్టారికి చెప్పొద్దంది. చెప్పకపోతే దిద్దేది ఎవరు అన్నాను. డెబ్బైయైదేళ్ల మనిషికి ఈ మాట ఎలా చెబుతాం అంది. అది నిజమే. ఆ రెండు రోజులు నేను పుస్తకం తెరిచాను గాని ఒక్క పేజీ తిప్పలేదు. ఆదివారం డిక్టేషన్ అయిపోయి మిగిలిన ఇద్దరు ఆడపిల్లలూ వెళ్లాక, శ్వేతా నేనూ కాగితాలు తీసుకుని వెళ్లాం.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని అంతా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక తనే ఒక పెన్సిలు తీసుకుని, నోటితో మెల్లిగా అనుకుంటూ ఓపెన్ రాశారు. కొక్కెం పడింది. మళ్లీ రాశారు. మళ్లీ పడింది. లేచి బీరువాలోంచి షార్ట్‌హ్యాండ్ నిఘంటువు తీశారు, శ్రీకాకుళంలో కొన్నది, అట్ట పోయి గుడ్డ అంటించినది. ఆ మాట వెతికి చూశారు. పుస్తకంలో కొక్కెం లేదు.

"యాభై ఏళ్లు నా రాత నేనే చదువుకున్నాను రమణబాబూ. నా కొక్కెం నాకు తెలుసు కదా. ఎప్పుడూ తేడా రాలేదు," అన్నారు.

లక్ష్మీనరసమ్మ గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "అయితే ఏటిప్పుడు, మనం మాటాడేది ఇలగే. ఈ వయసులో కొత్త నాలిక తెచ్చుకుంటారేటి?"

"నాలిక మారదు. దాని చెయ్యి మార్చాల," అన్నారాయన. తరవాత శ్వేత వైపు తిరిగారు. "రేపట్నుంచి నీకు నేను డిక్టేషన్ చెప్పను."

ఆ మాటకి శ్వేత ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఎలా ఓదార్చాలో ఆయనకి తెలియదనుకుంటాను.

మర్నాటి నుంచి మాస్టారు గొంతులు వెతుక్కుంటూ బయల్దేరారు. మొదట దొరికినవాడు రాజేంద్ర. దగ్గర్లోని బెల్తరా మనిషి, కోర్టులో పేష్కారుగా చేసి రిటైరయ్యాడు, అంటే జడ్జిగారి ముందు కేసుల కాగితాలు పెట్టి పిలిచే ఉద్యోగం. స్టేషన్‌ని ఇస్టేషన్ అంటాడు, చదువుతూ మధ్యలో అచ్ఛా అంటాడు. అదీ రాసెయ్యాలా అని పిల్లలు నవ్వేవారు. రాజేంద్ర కాకుండా ఒక బెంగాలీ రిటైర్డ్ గార్డుగారు, రైల్వే ఆసుపత్రి నర్సు ఒకావిడ, కేరళ మనిషి, డ్యూటీ లేని రోజున వచ్చేది. మాస్టారు వాళ్లకి కాగితం ఇచ్చి, స్టాప్‌వాచీ ఎలా చూసుకోవాలో నేర్పి, తను శ్వేత పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన వినడం మానేశారు. దాని చెయ్యి చూసేవారు. అనవసరమైన కొక్కెం పడగానే బల్ల మీద వేలితో ఒక దెబ్బ.

అది చూడటానికి కష్టంగా ఉండేది. వచ్చిన విద్య కన్నా వచ్చిన తప్పు గట్టిగా పాతుకుని ఉంటుంది. బల్ల మీద దెబ్బ పడ్డప్పుడల్లా శ్వేత చెయ్యి తడబడి తరవాతి రెండు మాటలు పోయేవి. కొక్కెం అక్కర్లేని చోట మానబోయి, నిజంగా ఉండాల్సిన చోట కూడా మానేసేది. నూటపది వేగం నెలన్నరలో డెబ్బైకి దిగిపోయింది. పరీక్ష ఆరు నెలల్లో ఉంది. మే నెల ఎండల్లో ఒకరోజు, కేరళ నర్సు చదివిన పాఠంలో సగం అందక, పెన్సిలు బల్ల మీద పెట్టేసింది.

"ఒక్కసారి మీరు చెప్పండి మాస్టారూ. నాకు వచ్చో రాదో నాకు తెలియాలి."

చెప్పనన్నారు.

"అయిదేళ్లు మీ గొంతు విన్నాను. మీ గొంతులో అయితే నాకు అంతా వస్తుంది. ఇప్పుడు వచ్చినదంతా తుడిచేసుకోమంటే, మతలబ్, నేను మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాలా? నాకింక మొదలు లేదు మాస్టారూ, ఒక్కటే ఉంది."

"మరిచిపోవాలమ్మా," అన్నారు ఆయన.

శ్వేత లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు రాలేదు.

ఆ నాలుగు రోజుల్లో మూడోనాడు మాస్టారు నన్ను మోప్కా తీసుకెళ్లారు. ఎందుకో ఆటోలో ఎక్కాక చెప్పారు. అక్కడ అనిల్ అని పాత శిష్యుడు జిరాక్స్ కొట్టు పెట్టుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్ల కిందట మూడుసార్లు డిక్టేషన్ పరీక్షకి వెళ్లి మూడుసార్లూ పోయినవాడు. ఆ రోజుల్లో రైల్వే లోపలి పరీక్షలకి వెళ్లినవాళ్లు చాలామంది పాసయ్యారు, అక్కడ చదివే ఆఫీసర్లలో మనవైపు వాళ్లూ ఉండేవారు. బయటి పరీక్షలకి వెళ్లినవాళ్లే ఎక్కువ పోయారు. మాస్టారు ఆ లెక్క మనసులో వేసుకుంటూ ఉన్నారని అప్పుడు నాకు తెలిసింది.

అనిల్ స్టూళ్లు వేశాడు, టీ తెప్పించాడు. మాస్టారు నిఘంటువు తెరిచి చూపించి, కొక్కెం సంగతి మొదట్నుంచీ చెప్పారు. తన తప్పు అన్న మాట రెండుసార్లు అన్నారు. అనిల్ పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ గీతలు అతనికి ఇంకా చదవడం వచ్చు, కళ్లు కదిలిన తీరులో తెలుస్తోంది.

"ఇది ఇప్పుడు నాకెందుకు చెప్తన్నారు మాస్టారూ?" అన్నాడు చివరికి. కోపంగా కాదు. "నాకు చెవి లేదనుకున్నాను. అలగనుకునే సర్దుకున్నాను."

ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ కోసం వచ్చారు, అనిల్ లేచాడు. తిరుగు దారిలో ఆటోలో మాస్టారు పుస్తకం ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకు కూర్చున్నారు. అనిల్ ఆయన్ని క్షమించలేదని కాదు. క్షమించే పనిలో కూడా అతనికి ఇప్పుడు ఆసక్తి లేదు. ఆయనకి అదే ఎక్కువ తగిలిందని నా ఊహ.

మర్నాడు తెల్లవారుజామునే అప్పలస్వామి వచ్చాడు. డ్యూటీకి పోతూ, ఆరెంజి కోటుతోనే గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, బూట్లకి గ్రీజు ఉందన్నాడు. పిల్ల అన్నం సరిగా తినడం లేదని, తన గదిలో గోడకేసి చూస్తూ కూర్చుంటోందని చెప్పాడు.

"ఈ గీతలు నాకు తెలీవు బాబుగారూ. ఓసారి మీ గొంతుతో సెప్పేస్తే దానికి ధైర్యం వస్తాది కదా. అంతకంటే నానేటీ అడగను."

"పరీక్షలో నేనుండను అప్పలస్వామీ," అన్నారు మాస్టారు. "ఆ ధైర్యం గుమ్మం దాకానే వస్తది. దాన్ని రమ్మను. నా మీద కోపం ఉంటే కోపంతోనే రమ్మను."

అప్పలస్వామి కాసేపు ఆలోచించి తల ఊపి వెళ్లాడు. ఇంట్లో ఏం చెప్పాడో తెలియదు. మర్నాడు ఆరున్నరకి శ్వేత వచ్చింది. మాస్టారితో మాట్లాడలేదు. రాజేంద్ర కాగితం అందుకుని, ఈ రోజు అచ్ఛా అనకుండా చదువుతానని మాటిచ్చి, రెండో వాక్యంలోనే అన్నాడు. శ్వేత దాన్ని కూడా రాసింది. చాలా రోజుల తరవాత నవ్వింది.

ఆ రోజు నుంచి ఆయన బల్ల మీద కొట్టడం మానేశారు. పాఠం అయ్యాక దాని పుస్తకం తీసుకుని, పడకూడని కొక్కేల పక్కన ఎర్రపెన్సిలుతో చుక్క పెట్టేవారు. మొదట్లో ఒక పేజీలో ముప్పై చుక్కలుండేవి. జూలైలో వానలు పడే వేళకి పది. ఆగస్టులో కొన్ని పేజీలకి ఒక్క చుక్కా లేదు. వేగం మళ్లీ నెమ్మదిగా ఎక్కింది. ఎనభై, తొంభై. తొంభైయైదు దగ్గర మూడు వారాలు ఆగి, అప్పుడు వంద దాటింది. ఆ మూడు వారాలూ మాస్టారికి నిద్ర లేదని లక్ష్మీనరసమ్మ గారు చెప్పారు. ఆయన పెరట్లో తిరుగుతూ ఓన్, ఓపెన్, ఓల్డ్ అని తనలో తను అనుకుంటున్నారట. ఒక్కటీ సరిగ్గా రావడం లేదట.

"నాకు వినపడిపోద్దని పంపు తిప్పుకుని మరీ అంటన్నారు," అన్నారావిడ. నవ్వుదామని మొదలుపెట్టి నవ్వలేదు.

రాత పరీక్ష ఈసారీ పాసయింది. డిక్టేషన్ పరీక్ష రాయ్‌పూర్‌లో. పొద్దున్న బండికి శ్వేత, అప్పలస్వామి, మాస్టారు, నేను బయల్దేరాం. మాస్టారు రావక్కర్లేదని అందరం అన్నాం. ఆయన ఇంతకు ముందు ఏ శిష్యుడి వెంటా పరీక్షకి వెళ్లలేదు. దారంతా కిటికీ పక్కన కూర్చున్నారు గాని బయటికి చూడలేదు. శ్వేత కూడా పుస్తకం తెరవలేదు. ఆయన పెన్సిళ్లు అడిగి తీసుకుని, నాలుగూ ఒకే మొనకి చెక్కి ఇచ్చారు.

గేటు బయట రేకుల షెడ్డు కింద తల్లిదండ్రులతో పాటు కూర్చున్నాం. లోపల డిక్టేషన్ పది నిమిషాలు. పదిన్నరకి అన్నారు. పదిన్నర కాగానే మాస్టారు వాచీ చూసుకుని కళ్లు మూసుకున్నారు. పది నలభైకి తెరిచారు. ఆ పది నిమిషాల్లో అప్పలస్వామి లేచి నిలబడే ఉన్నాడు, బండి వస్తోందని పట్టాల పక్కకి తప్పుకున్న మనిషిలాగ.

మధ్యాహ్నం దాటాక అభ్యర్థులు బయటికి వచ్చారు. కొందరి మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. శ్వేత చివర్న వచ్చింది. తండ్రి చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని సగం తాగింది. మాస్టారు ఎలా రాశావని అడగలేదు.

"చదివినాయనది ఎలాంటి గొంతమ్మా? ఏ వైపు మనిషి?" అన్నారు.

శ్వేత ఆలోచించింది. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది.

"తెలీదు మాస్టారూ. గొంతు మీదికి ధ్యాస పోలేదు. మాటలే వినపడ్డాయి."

ఆయన తల ఊపి, కండువాతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఫలితాలు జనవరిలో వచ్చాయి. శ్వేత పేరు ఉంది. తరవాత మళ్లీ అర్జీ పెట్టి కాగితాలు తెప్పించుకుంది, ఈసారి అక్కర లేకపోయినా. నలభైయొక్క తప్పులు. వాటిలో కొక్కెం తప్పు ఒకటి. 'ఓవర్' దగ్గర. అది చూసి మాస్టారు అరిచేత్తో కాగితాన్ని సాపు చేసి, ఇదొక్కటి నాది అన్నారు.

జబల్‌పూర్‌లో పోస్టింగు ఇచ్చారు. చేరడానికి పది రోజుల గడువు. ఆ పది రోజులూ శ్వేత పొద్దున్న ఆరున్నరకి వచ్చింది. మిగిలిన ఇద్దరు ఆడపిల్లలకి డిక్టేషన్ నువ్వు చెప్పు అని మాస్టారే అన్నారు. ఇప్పుడు వాళ్లకీ ఆయన చెప్పడం లేదు, గీతలు మాత్రం నేర్పుతున్నారు.

మొదటిరోజు నేను వరండాలోంచి లేచి వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల పొయ్యి ఆపి ఉంది. శ్వేత ఎడమచేతిలో స్టాప్‌వాచీ, కుడిచేతిలో కాగితం. పిల్లలిద్దరూ చాప మీద. వాళ్ల పక్కన మాస్టారు కూడా చాప మీదే, మోకాలు మీద పుస్తకం పెట్టుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. సర్వీసు నుంచి దిగాక ఆయన ఒకరు చెప్పింది రాయడం నేను చూడలేదు.

శ్వేత టేక్ డౌన్ అంది. నిమిషానికి ఎనభై, పిల్లల వేగం. పిల్లలు రాస్తున్నారు. మాస్టారు రాస్తున్నారు. ఓతో మొదలయ్యే ఒక మాట దగ్గర ఆయన పెన్సిలు ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. శ్వేత అప్పటికి రెండు వాక్యాలు ముందుకి వెళ్లిపోయింది. పది నిమిషాల మధ్యలో ఎవరూ నోరు విప్పని ఆ గదిలో ఆయన తలెత్తారు.

"కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా."